తాతను చంపకండి, తుమ్మనివ్వండి

ప్రశ్న: మాస్టారూ, నేను బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరును. గొల్లపల్లిలో వీణలు చేసే ఒక పెద్దాయనకీ, రోజూ ఆయన పని చూడటానికి వెళ్లే తొమ్మిదేళ్ల పాపకీ కుదిరిన స్నేహం మీద పిల్లల కోసం బొమ్మల పుస్తకం రాశాను. పేరు ‘వీణ తాత’. చేతిరాతలో పద్నాలుగు పేజీలు వచ్చింది. చివర్లో తాత తన వీణను పాపకు ఇచ్చి కన్నుమూస్తాడు. చదివిన పెద్దవాళ్లందరూ కళ్లు తుడుచుకున్నారు. మా బడి పిల్లలకు వినిపిస్తే మాత్రం నాలుగో పేజీకే కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు. ఎక్కడ తప్పింది? కాగితం మీద సంగీతం వినిపించేదెలా? బొమ్మలు వేసేవారిని నేనే వెతుక్కోవాలా? డబ్బు కడితే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే సంఖ్య) నంబరుతో సహా అచ్చువేసి ఇస్తామని ఒకరు అంటున్నారు, కట్టమంటారా? కథ జతచేస్తున్నాను.
— ఒక టీచరు, విజయనగరం జిల్లా

అమ్మా,

ముందుగా ఒక మనవి. ఆ తాతను చంపకండి.

మీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి నేనూ కళ్లు తుడుచుకున్నాను, అబద్ధమెందుకు. రెండోసారి చదువుతుంటే అనుమానం వచ్చింది. నేను ఏడ్చింది మీ తాత కోసమా, మా ఇంట్లో పోయినవాళ్ల కోసమా? కథలో చావు కనిపించగానే పెద్దవాళ్లం సొంత సరుకు తెచ్చి అందులో పోసుకుంటాం. ఆ కన్నీళ్లలో మీ వాటా ఎంతో తేల్చడం కష్టం. మీ బడి పిల్లల దగ్గర అలాంటి సరుకు లేదు కాబట్టి వాళ్లు కథనే విన్నారు, విని కిటికీలోంచి చూశారు. నన్నడిగితే మీకు వచ్చిన అభిప్రాయాలన్నిటిలోకీ నమ్మదగ్గది ఆ కిటికీ చూపే.

పిల్లల పుస్తకంలో చావు ఉండకూడదని నేను అనడం లేదు. ఇంట్లో తాతో నాయనమ్మో పోయిన పిల్లలకు అలాంటి కథ కావాలి కూడా. కానీ మీ తాత పోయింది వయసు మీదపడి కాదు. కథ ఎలా ముగించాలో మీకు తోచక పోయాడు. ముందు పేజీ దాకా ఉలి పట్టుకుని బాగానే ఉన్నాడు కదమ్మా.

అసలు చిక్కు చివరి పేజీలో కూడా లేదు. పెన్సిలు పుచ్చుకుని మీ కథలో తాత ఎన్నిసార్లు మాట్లాడాడో గీతలు పెట్టి లెక్కపెట్టాను. ముప్పై ఒక్కసారి. అందులో ఇరవై ఆరుసార్లు ఏదో ఒకటి నేర్పుతున్నాడు. పాప పదకొండుసార్లు మాట్లాడితే, తొమ్మిదిసార్లు “అలాగే తాతగారూ” అంది. దీన్ని మీరు స్నేహం అన్నారు. నాకు ట్యూషనులా కనిపించింది.

మన విజయనగరంలో గురుశిష్యుల కథలకు కరువు లేదు. మీ ఆరో పేజీ నిండా అవే. 1919లో సంగీత కళాశాల పెట్టడం, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు కావడం, ఘంటసాలకు పట్రాయని సీతారామశాస్త్రిగారు పైసా పుచ్చుకోకుండా సంగీతం చెప్పడం, అన్నీ తాత చేత వరసగా చెప్పించారు. నిజమైన సంగతులే, గొప్ప సంగతులే. కానీ ఏ తాతా వీణ చెక్కుతూ చిన్నపిల్లకు కళాశాల స్థాపన సంవత్సరం చెప్పడు. పైగా అవన్నీ ఒకరు ఇచ్చి మరొకరు పుచ్చుకున్న కథలు. మీరు పెట్టుకున్న విషయం వేరు. ఆ పేజీ మొత్తం తీసేయండి. మరీ మనసొప్పకపోతే పుస్తకం వెనక, అట్ట లోపలివైపు, పెద్దల కోసం నాలుగు వాక్యాలు వేయించండి.

ఆ పేజీలోంచి ఒక్కటి మాత్రం నేను దాచుకుంటాను. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ కళాశాలలో విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయిద్యం విని ఏకంగా వయొలిన్ ఆచార్యులుగా పెట్టుకున్నారన్న ముచ్చట. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. నేర్చుకుందామని వచ్చినవాడు నేర్పేవాడైపోయాడు. ఆ తారుమారు మీ పుస్తకానికి పనికొస్తుంది. పేర్లూ సంవత్సరాలూ అక్కర్లేదు, ఆ తారుమారు చాలు.

నా సంగతి ఒకటి చెప్తాను, విసుక్కోకండి. చిన్నప్పుడు మా ఇల్లు విజయనగరంలో అయ్యకోనేరు చెరువు గట్టుకు దగ్గర్లో ఉండేది. ఎదురింట్లో ఒక పెద్దాయన వయొలిన్ వాయించేవారు. మధ్యాహ్నం మూడు గంటలకు మా వీధిలో ఏ పనీ లేనివాళ్లం మేమిద్దరమే. “గొడవ చేయకుండా ఎక్కడైనా కూర్చో” అని మా అమ్మ నన్ను తరిమేది. ఆయన కోడలు ఆయనతో అదే మాట కాస్త మర్యాదగా అనేవారు. ఇద్దరం వాళ్ల అరుగు మీద చేరేవాళ్లం. ఆయన నాకు ఒక్క స్వరం నేర్పలేదు. బిరడా తిప్పి, కమాను లాగి, నా వైపు చూసి “కలిసిందా?” అనేవారు. కలవలేదు అంటే మళ్లీ తిప్పేవారు. మొదట్లో నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. కొన్నాళ్లకు తెలిసింది, సన్న తీగ పలుకు ఆయన చెవికి సరిగ్గా అందడం లేదని. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదాయన. నేనూ చెప్పలేదు. అందుకు ప్రతిగా, నాకు లెక్కల్లో సున్నాలు వచ్చిన కాగితాల మీద మా నాన్న సంతకం ఉండాల్సిన చోట ఆయన సంతకం పెట్టేవారు. మా నాన్న సంతకం కన్నా అందంగా ఉండేది.

మీరు టీచరు కాబట్టి ఈ చివరి ముక్క మీకు నచ్చదు. కానీ మీ కథలో లేనిది సరిగ్గా అదే. మీ తాతకు పాపతో ఏ అవసరమూ లేదు. పాప రాకపోయినా ఆయన వీణ పూర్తవుతుంది. ఆయనకు ఏదో ఒకటి చేతకాకుండా చేయండి. ఆ చేతకానిది పాపకు చేతనయ్యేలా చూడండి. తర్వాత ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ పైకి అనకుండా జాగ్రత్తపడండి.

దానికి వెతుక్కోనక్కర్లేదు, మీ ఊరి పక్కనే ఉంది. గొల్లపల్లి మీరు చూసినంతగా నేను చూడలేదు. అక్కడ వీణలు చేసే సర్వసిద్ధివారి పని గురించి మీరు రాసిన మూడు పేజీలే కథ మొత్తంలో నాకు బాగా నచ్చాయి. ఒకే పనస దుంగను తొలిచి కుండ (గుండ్రటి అడుగుభాగం), దండి (పొడవాటి మెడ), యాళి (సింహం లాంటి మృగం) ముఖం తీయడం, దాన్ని ఏకాండి వీణ అనడం, సొరకాయ బుర్రను విడిగా అమర్చడం, నాలుగు వాయించే తీగలు, మూడు తాళం తీగలు, అన్నీ కళ్లకు కట్టాయి. కానీ స్వరస్థానాలు చూపే 24 మెట్లు తీగల కింద అమర్చే చోట మీరు ఒక్క వాక్యంతో దాటిపోయారు. కథ అక్కడే ఉందమ్మా. మైనంలో బొగ్గుపొడి కలిపి, దండి మీద పరిచి, అది మెత్తగా ఉండగా ఒక్కొక్క మెట్టూ నిలబెట్టి, తీగ మీటి, విని, వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటి వినాలి. ఆ పనికి కావలసింది చెవి. కుండ వైపు చివరి మెట్ల దగ్గరికి వచ్చేసరికి పలుకు సన్నగా, పొట్టిగా ఉంటుంది. ముసలి చెవికి దాని అంచు దొరకదు. పాప చెవికి దొరుకుతుంది. “ఇక్కడా?” “కాదు తాతా.” “ఇక్కడా?” “ఊహూ.” “ఇక్కడా?” పేజీ తిప్పాలి.

ఇంకొకటి. గొల్లపల్లిలో ఇప్పుడు బహుమతులుగా ఇచ్చే చిన్న బొమ్మ వీణలు కూడా చేస్తారని మీరే రాశారు, రాసి విచారించారు. మీ విచారం నాకు అర్థమవుతుంది, కానీ దాన్ని పాప నోట పెట్టకండి. పాప బొమ్మ వీణ తీగను గిల్లి, “ఇది పలకదా?” అని అడుగుతుంది. అంతే. కథ మొదటి పేజీ అది. చాలాకాలంగా పలికే వీణ చేయని మనిషి ఆ ప్రశ్నకు ఏం చెప్తాడు? ఏమీ చెప్పడు. మర్నాడు అటక మీంచి పాత దుంగ దించుతాడు. అటక మీద దుంగ ఉన్నట్టు పాపకు అప్పటిదాకా తెలియదు. చదివే పిల్లలకు మాత్రం మొదటి బొమ్మలోనే మూలన కనిపిస్తూ ఉండాలి. తమకు ముందే తెలిసినది కథలోని మనిషికి తెలియకపోతే పిల్లలు ఊరుకోరు, వేలు పెట్టి చూపిస్తారు.

పాప వయసు తొమ్మిది నుంచి ఆరుకు దించండి. కారణం చెప్తాను. ఆరేడేళ్లకు ముందు పళ్లు ఊడతాయి. మీ తాతకూ ముందు పళ్లు లేవని రెండో పేజీలో రాశారు, రాసి మరచిపోయారు. పళ్లు లేని ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ‘స’ అనబోతే ఏమవుతుంది? ఇద్దరికీ ఈల వస్తుంది. బొమ్మ వేసేవాళ్లకు ఇంతకన్నా వరం ఉండదు. చెవి వినలేకపోవడాన్ని బొమ్మలో చూపించడం కష్టం. ఊడిన పన్నును ఎవరైనా చూపించగలరు. పళ్ల వల్ల వాళ్లిద్దరూ ఒకరికొకరు దొరుకుతారు, చెవి వల్ల ఒకరికొకరు పనికొస్తారు. కథ చివర వీణ పూర్తయి మొదటిసారి పలికే స్వరం ‘స’ అనుకోండి. ఇద్దరి నోటా రానిది అది. నేనైతే అక్కడ ఆపేస్తాను. అప్పగింతలూ ఆశీర్వాదాలూ లేకుండా.

పేరు సంగతి. పాపకు ‘స్వరమంజరి’ అని పెట్టారు. మొదటి అక్షరానికే వత్తు ఉంది. మీ ఒకటో తరగతి పిల్ల ఆ పేరు దగ్గరే ఆగిపోతుంది. పైగా వీణల కథలో పాప పేరు స్వరమంజరి అయితే, పంచదార డబ్బా మీద ‘పంచదార’ అని రాసినట్టుంటుంది. పైడితల్లి పేరు పెట్టుకోని ఇల్లు మన జిల్లాలో తక్కువ. ‘పైడి’ అనండి. వీధి ఆ చివర నుంచి కేకేసి పిలవడానికి వీలుగా ఉంటుంది. తాత చేత ‘చిన్నారీ’ అని కూడా పిలిపించకండి. గొల్లపల్లిలో ఏ తాత మనవరాలిని ‘చిన్నారీ’ అన్నాడమ్మా? మన వైపు ఆడపిల్లను పిలిచినట్టు ‘గుంట’ అంటాడు. ఆ ఒక్క మాటతో ఊరు కళ్లముందుకు వస్తుంది. మొత్తం యాసలో రాయనక్కర్లేదు.

వత్తుల మాట వచ్చింది కాబట్టి, మీరు గమనించారో లేదో, స రి గ మ ప ద ని ఏడింటిలోనూ ఒక్క వత్తు లేదు. ఒకటో తరగతి వాచకం రాసినవారే స్వరాలకూ పేర్లు పెట్టారా అన్నట్టుంటుంది. మీ పుస్తకంలో పిల్లలు తమంతట తాము తడుముకోకుండా చదవగలిగే మాటలు ఇవే కావచ్చు. పేజీకి ఒకటి చొప్పున పెద్దక్షరాల్లో వేయించండి. ‘ద’కు వత్తు ఉండాలా వద్దా అని ఎవరైనా సంగీతం మాస్టారు తగాదాకు వస్తే నా దగ్గరికి పంపండి.

ఇప్పుడు నిడివి. మీ పద్నాలుగు పేజీల్లో రెండు వేల పైచిలుకు మాటలున్నాయి. బొమ్మల పుస్తకానికి సాధారణంగా 32 పేజీలు, కొన్నిటికి 24, మరీ చిన్నవారికైతే 16. ఈ లెక్క ఎక్కడినుంచి వచ్చిందంటే, పెద్ద కాగితాన్ని రెండువైపులా అచ్చువేసి మడతపెడితే పదహారు పేజీలు అవుతాయి, అలాంటివి రెండు కలిపి కుడితే పుస్తకం. పేరు పేజీ, వివరాల పేజీ లాంటివి పోగా మీ చేతికి పద్నాలుగు జంట పేజీలు మిగులుతాయి. ఒక్కో జంటకు ఇరవై పాతిక మాటలు. అంటే మొత్తం మహా అయితే మూడు వందల యాభై. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వారు స్టోరీవీవర్ అనే తమ వెబ్‌సైటులో పెట్టుకున్న చదువు మెట్ల ప్రకారం, అప్పుడప్పుడే చదవడం మొదలుపెట్టినవారికి 250 మాటల లోపు, తర్వాతి మెట్టుకు 600 లోపు. తెలుగులో ఒక్క మాట ఇంగ్లీషులో మూడు మాటల పని చేస్తుంది, ‘వెళ్లలేకపోయింది’ అన్నది చూడండి. కాబట్టి మనకు ఇంకా తక్కువే చాలు.

రెండు వేల నుంచి మూడు వందల యాభైకి ఎలా అని గుండె పట్టుకోకండి. మీ మూడో పేజీ వాక్యం ఇది: “తాతయ్య తన అనుభవజ్ఞులైన హస్తాలతో పనస దుంగను నెమ్మదిగా చెక్కుతుండగా పసుపుపచ్చని పొట్టు గాలిలో తేలుతూ వచ్చి చిన్నారి స్వరమంజరి శిరోజాలపై పువ్వులవలె వాలినది.” ఇందులో చేతులు, దుంగ, పొట్టు, పసుపు రంగు, జుట్టు అన్నీ బొమ్మలో కనిపించేవే. బొమ్మ చెప్పలేనిది ఏమిటి? చప్పుడు. తర్వాత ఏం జరుగుతుందన్నది. నేనైతే ఇలా రాస్తాను:

టక్.
టక్ టక్.
పైడి ముక్కు దురద పెట్టింది.
“హా... హా...”

ఇక్కడ పేజీ తిప్పాలి. తిప్పగానే రెండు పేజీల నిండా పసుపు పొట్టు లేచి, మధ్యలో:

“హాచ్!”
“హాచ్!”
రెండోది తాతది.
“జంట తుమ్ము. మంచిదే” అన్నాడు తాత.

ఒంటి తుమ్ము పనికి అడ్డం, జంట తుమ్ము శుభం అని మన ఇళ్లల్లో ఎవరికి తెలియదు? పనస చెక్క పచ్చిగా ఉన్నప్పుడు పసుపుపచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుందని మీరే రాశారు. అదీ తీసేయండి. బొమ్మ వేసేవారికి విడిగా ఒక చీటీ రాసి ఇవ్వండి. గోడకు వేలాడే పాత వీణ ఒక రంగు, తాత చేతిలోది మరో రంగు. చదివే పిల్లలకు ఆ సంగతి ఒక్క మాట లేకుండా అందుతుంది.

జంట అన్నాను కదా, మీ కథకు నడక కూడా అందులోనే దొరుకుతుంది. సంగీతంలో సరళీ వరుసల తర్వాత జంట వరుసలు చెప్తారు. స స, రి రి, గ గ, మ మ. ప్రతి స్వరాన్నీ రెండుసార్లు అంటారు, రెండోదాన్ని కాస్త ఒత్తి అంటారు. మీ పుస్తకం మొత్తం ఇలా నడపవచ్చు. తాత ఒకటి చేస్తాడు, పాప అదే చేస్తుంది, కానీ కాస్త గట్టిగా, కాస్త వంకరగా. తాత చెక్కుతాడు, పాప పుల్లతో మట్టి చెక్కుతుంది. తాత తల గోక్కుంటాడు, పాప రెండు చేతులతో గోక్కుంటుంది. ఎడమ పేజీ తాతది, కుడి పేజీ పాపది. సగం దాటాక తిరగేయండి. పాప ముందు, తాత తర్వాత. మెట్లు అమర్చే చోట ఆ తారుమారు జరగాలి. ఇదంతా పుస్తకంలో ఎక్కడా జంట వరుసలని చెప్పనక్కర్లేదు. తెలిసినవారికి తెలుస్తుంది, తెలియని పిల్లలు లయకు ఊగుతారు.

సంగీతం వినిపించేదెలా అని అడిగారు. ఎలా వినిపించకూడదో ముందు చెప్తాను. మన పిల్లల పుస్తకాల్లో తంబురా పక్కనా వీణ పక్కనా తోకలున్న నల్ల గుడ్లు గాలిలో ఎగురుతుంటాయి, చూశారా? అవి పాశ్చాత్య సంగీతం రాసుకునే గుర్తులు. గొల్లపల్లి వీణలోంచి అవి ఎలా వస్తాయి? బొమ్మ వేసేవారితో ముందే చెప్పేయండి. చప్పుడు వల్ల ఏం కదిలిందో గీయమనండి. గిన్నెలో నీళ్ల మీద వలయాలు, నిద్రపోతున్న పిల్లి ఒక్క చెవి లేపడం, గుమ్మం దగ్గర ఆగిపోయిన పాలవాడి సైకిలు. చప్పుడు మాటలకు తెలుగులో లోటు లేదు. ఉలికి టక్, రంపానికి గరగర, చిత్రికకు సర్రుసర్రు, తీగకు టింగ్, సరిగ్గా కూర్చోని మెట్టు దగ్గర జుర్రుమనే జీర. ప్రతి పనిముట్టుకూ ఒకే చప్పుడు కేటాయించి, ఎప్పుడు వచ్చినా అదే వాడండి. మూడోసారికి మీ పిల్లలే మీకన్నా ముందు అంటారు. ఫోను పెడితే వీణ వినిపించే నలుపు తెలుపు గళ్ల గుర్తు వేయించాలని రాశారు. వేయించండి, చివరి అట్ట మీద. దాని మీద మాత్రం ఆధారపడకండి.

ఇక మిగిలినవి గబగబా చెప్పేస్తాను. బొమ్మలు వేసేవారిని మీరు వెతకనక్కర్లేదు. ప్రచురణకర్తకు కథ నచ్చితే వారే చూసుకుంటారు, అలా చూసుకోవడమే వారికి ఇష్టం. సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం, చెన్నైలో తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్, ఈ ముగ్గురూ తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తున్నారు. వాళ్ల పుస్తకాలు ఓ పది తెప్పించుకుని మీ బడిలో చదివించి, ఎవరి ధోరణి మీ కథకు దగ్గరో చూసుకుని అప్పుడు పంపండి. ఎవరూ తీసుకోకపోతే స్టోరీవీవర్‌లో మీరే పెట్టుకోవచ్చు. 2015 నుంచి ఉంది. కానీ అక్కడ పెట్టినదాన్ని ఎవరైనా, మీ పేరు చెప్పి, అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. నాకైతే అది మంచిదే అనిపిస్తుంది. మీకు అనిపించాలని లేదు.

డబ్బు కట్టమన్నవారి సంగతి. కట్టకండి. ఐఎస్‌బీఎన్ మన దేశంలో రాజా రామ్‌మోహన్ రాయ్ పేరుతో ఉన్న ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయిత తనే దరఖాస్తు చేసుకోవచ్చు. ఉచితంగా దొరికేదాన్ని ధరల పట్టికలో చూపించేవారు మిగతా పట్టిక ఎలా రాసి ఉంటారో ఆలోచించండి. అచ్చు వేయించుకోవడమే కావాలనుకుంటే ప్రెస్సుకు వెళ్లి అచ్చుకు మాత్రమే డబ్బు కట్టండి. హక్కులు రాసిచ్చే కాగితం మీద ఎవరు సంతకం అడిగినా, ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి, ఏ భాషకు అన్నవి రాసి ఉన్నాయో లేదో చూడండి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కాలం రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకనీ లెక్క. కానీ ‘శాశ్వతంగా’ అని రాసి ఉన్నదాని మీద మీరు సంతకం పెడితే ఆ లెక్క మీకు అక్కరకు రాదు.

ఒక పని మాత్రం ప్రచురణ కన్నా ముందే చేయండి. మీ తాతకు మూలమైన పెద్దాయన గొల్లపల్లిలో నిజంగా ఉన్నారని రాశారు. ఆయనను అడిగారా? కథలో ఆయన పళ్ల గురించీ, చెవుల గురించీ రాయబోతున్నాం. చెవి నేను కల్పించినదే, కానీ ఊళ్లోవాళ్లు అలా అనుకోరు. వెళ్లి చదివి వినిపించండి. వద్దంటే మనిషిని మార్చండి, ఊరు మార్చండి. పని వివరాల్లో మనం తప్పు రాసిన చోట ఆయన పకపకా నవ్వుతారు, అదీ అవసరమే.

తిరగరాసేటప్పుడు ఎనిమిది తెల్ల కాగితాలు తీసుకుని మధ్యకు మడిచి ఒకదానిలో ఒకటి పెట్టండి. 32 పేజీల పుస్తకం తయారవుతుంది. అందులో మాటలు పెన్సిలుతో రాయండి, బొమ్మలు రావలసిన చోట గీతల మనుషులు చాలు. బాగా రాకపోతేనే మంచిది, అందం చూసి మోసపోరు. దాన్ని బడికి తీసుకెళ్లి, మీరు చదవకుండా, వెనక బెంచీలో కూర్చునే పిల్ల చేతికిచ్చి చదవమనండి. ఆ పిల్ల ఎక్కడ ఆగిందో గీత పెట్టుకోండి. మిగతావాళ్లు కిటికీ వైపు ఎక్కడ తిరిగారో అక్కడా ఒక గీత. సాయంత్రం ఆ రెండు రకాల గీతల దగ్గరా కత్తెర వేయండి.

రెండో ప్రతి అయ్యాక నాకు పంపండి. అలవాటు ప్రకారం చివరి పేజీ ముందు తిప్పి చూస్తాను. తాత అక్కడ కూర్చుని ఉంటేనే మొదటి పేజీకి వెళ్తాను.